గినీపందికి లంఖణం

డెబ్బైల చివర అనుకుంటాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో గంప ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అందులో మా బడి సైన్సు గదిలో నేను పెంచుకున్న గినీపంది ఉంది. ముందురోజు నుంచి దాని పొట్ట బిగిసిపోయింది, పెంటికలు వేయడం లేదు. మా ఇంట్లో అజీర్తికి అమ్మ చెప్పే మందు లంఖణమే. అందుకని దానికీ మేత మాన్పించాను.

పక్కసీటులో మేకలు కాసుకునే ముసలామె తొంగిచూసింది.

"ఇదేందప్పా, ఎలుకనా?"

"కాదమ్మా, గడ్డి తినేదే. కడుపు బాగలేక లంఖణం పెట్టినా."

"ఎవురు జెప్పిరి నీకు? గడ్డి తినేదానికి కడుపు ఆగిపోతే పానం పోయినట్లే. దిగుతానే పశువుల డాక్టరుకు సూపించు."

తన మూటలోంచి గరికపోచ తీసి దాని మూతి దగ్గర పట్టుకుంది. చాలాసేపటికి అది ఒక్క కొరుకు కొరికింది. పేరైనా తెలియని జంతువు జబ్బు ఈమెకెలా తెలిసిందో నాకు అంతుపట్టలేదు. మిగిలిన గరిక నా చేతిలో పెట్టి, దారిలోనే దిగిపోయింది.

డాక్టరు కూడా మేత మాన్పినందుకే తిట్టాడు. గినీపంది బతికింది.

ఆ వారమే అమ్మకు అజీర్తి చేసింది, లంఖణమని పడుకుంది. నేను గంజి గిన్నె పట్టుకుని, ఇవ్వాలో మానాలో తెలియక గడపలోనే నిలబడిపోయాను.