టీచరమ్మ చాపిన సుద్దముక్క

పూతలపట్టు హైస్కూల్లో మా ఇంగ్లీషు టీచరమ్మ ప్రశ్న అడిగి, సుద్దముక్క మా ముందుకు చాపేది. లేచి బోర్డు మీద రాసేదాకా ఆ చెయ్యి వెనక్కి తీసుకునేది కాదు.

ఎప్పుడో మొదలై ఇంకా సాగుతున్న సంగతుల్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఆ రోజు పాఠం. ఒకడు పుస్తకంలోని వాక్యమే అప్పజెప్పాడు: "ఇట్ హ్యాజ్ బీన్ రెయినింగ్ సిన్స్ మార్నింగ్."

"ఈడ వాన యాడుండాదిరా? మీ ఇంట్లో జరిగేది సెప్పు" అంది.

తర్వాత సుద్దముక్క నా ముందుకొచ్చింది. ఉమ్మడి బావిలో మోటారు వంతు దగ్గర గొడవపడి మా నాయనా పెదనాయనా మాటలు మానేసిన రోజులవి. పెదనాయన కూతురు, నాకు అక్క, నా బెంచీలోనే ఆ చివర కూర్చునేది. నాకు వేరే నిజమేదీ తోచలేదు. పోయిన ఎండాకాలం నుంచి మేము పెదనాయన వాళ్లతో మాట్లాడడం లేదని ఇంగ్లీషులో రాశాను.

టీచరమ్మ ఆ సుద్దముక్క అక్క ముందు చాపింది. అక్క తల దించుకుంది. ఆ చెయ్యి కదల్లేదు. చివరికి అక్క లేచి నా వాక్యం కిందే రాసింది. అప్పటినుంచి వాళ్లు మా పలకరింపు కోసం ఎదురుచూస్తున్నారట.

బెల్లు కొట్టారు. టీచరమ్మ డస్టరు మా ఇద్దరి నడుమ పెట్టింది.

"రెండిట్లోనూ తప్పుల్లేవు. ఒగటి తుడిసేయండి. ఏదో మీరే సూసుకోండి."

అందరూ వెళ్లిపోయారు. అక్క డస్టరు ముట్టుకోలేదు. నేనే లేచి నా వాక్యం తుడిచాను.

"అక్కా, ఇంటికి పోదాం రా" అని చెయ్యి చాపాను. తను పట్టుకునేదాకా వెనక్కి తీసుకోలేదు.