తొమ్మిదో మంచం స్ప్లీన్

ఆ రోజుల్లో నాకు మనుషులు కనిపించేవారు కాదు, అవయవాలే కనిపించేవి. ఢిల్లీలో మెడిసిన్ ఫైనలియర్. మెడలో స్టెతస్కోపు వేసుకునే మెట్రో ఎక్కేవాణ్ణి (బ్యాగులో పట్టదని కాదు, బ్యాగులో ఉంటే పక్కవాళ్ళకు కనబడదని). అప్పుడే మా వార్డులో తొమ్మిదో మంచం మీదికి ఆటో నడిపే చాచా ఒకాయన వచ్చాడు. పొట్టలో ఎడమవైపు, పక్కటెముకల చాటున దాగి ఉండాల్సిన స్ప్లీన్ ఆయనకు వాచి, కిందికి దిగి, చేతికి చక్కగా తగిలేది. ఆయనకది రోగం, మాకు పండగ. "తొమ్మిదిలో స్ప్లీన్ అదిరింది, రండ్రా" అని ఆయన ఎదుటే నేస్తాలను పోగేసి, తలా ఒకసారి పొట్ట నొక్కించి, క్యాంటీన్‌కు పోయేవాణ్ణి. ఇంటికొచ్చినా అదే భజన. "ఇవాళ ఎంత మంచి స్ప్లీన్ చూశానో తెలుసా అమ్మా!" అంటే, ఇరవై ఏళ్ళుగా నర్సుగా చేస్తున్న మా అమ్మ పప్పుకి తాలింపు వేస్తూ, "పేరేం లేదంటరా దానికి?" అంది. పాపం, నర్సింగే గానీ మెడిసిన్ తెలియదు కదా అని జాలిపడ్డాను.

ప్రాక్టికల్ పరీక్షలో తలా ఒక రోగిని అప్పగిస్తారు. గంటలో ఆయన కథంతా అడిగి, రోగమేమిటో తేల్చాలి. తప్పితే ఇంకో ఆరు నెలలు అదే వార్డు. నాకు చాచా పడ్డాడు. లోలోపల గంతులేశాను, ఎందుకంటే పరీక్షకొచ్చిన పిల్లలకు తన రోగం తనే చెప్పి గట్టెక్కిస్తాడని చాచాకు పేరు. "క్యా తక్లీఫ్ హై, చాచా?" అని, ఏంటి బాధని, తేనె పూసిన గొంతుతో అడిగాను. ఆయన కిటికీ వైపు తిరిగి, "స్ప్లీన్ థోడీ నా బోల్తీ హై, డాక్టర్ సాబ్" అన్నాడు. స్ప్లీన్ ఎక్కడైనా మాట్లాడుతుందా అని! అది వాచిందని నాకు తెలుసు. ఎందుకు వాచిందో, ఎప్పటి నుంచో, ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

అరగంట గడిచింది. చివరికి స్టూలు లాక్కుని కూర్చుని, "తప్పయిపోయింది చాచా. మీ పేరేంటి?" అన్నాను. (పశ్చాత్తాపంతో కాదు, ఫెయిలవుతానన్న భయంతోనే. ఇప్పుడు దాచి ఏం లాభం?) పేరు చెప్పాడు. జ్వరాలు ఎప్పుడు మొదలయ్యాయో, డాక్టర్లు ఆ రోగానికి ఏం పేరు పెట్టారో చెప్పాడు. ఆటో మూలపడిందని, కూతురు పదో తరగతని, దాని పరీక్షలప్పుడు తను ఇంట్లో లేడని చెప్పాడు. ఆఖర్న గొంతు తగ్గించి, "స్ప్లీన్ నాలుగు వేళ్ళ మేర కిందికి దిగిందని రాయి బేటా. మీ సార్ ఐదంటాడు గానీ, పరీక్షకని బయటి నుంచొచ్చిన సార్ నాలుగే అంటున్నాడు. మార్కులేసేది ఆయనే" అన్నాడు. నాలుగని రాశాను. పాసయ్యాను.

ఇప్పుడు ఢిల్లీలోనే, సాకేత్‌లో సర్జన్‌ని. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా "ముందు పేరడగండి" అని అరగంట ఉపన్యాసం దంచుతాను. మొన్న పొద్దున ఇడ్లీ తింటూ, "మూడో గది గాల్‌బ్లాడర్ ఏమన్నా తినిందా?" అని ఫోన్లో సిస్టర్ని గద్దిస్తుంటే, ఎదురుగా చట్నీ వేస్తున్న అమ్మ, "రెండు ఇడ్లీలు కట్టివ్వమంటావా దానికి?" అంది. నవ్వొచ్చి పొలమారింది. మళ్ళీ ఫోన్ చేసి ఆ మూడో గదిలో ఆవిడ పేరు కనుక్కున్నాను. చాచా పేరు ఇక్కడ రాయను గానీ, నాకింకా గుర్తుంది. గుర్తులేనివల్లా ఆ తర్వాత ఇన్నేళ్ళలో నా కత్తి కిందికి వచ్చినవాళ్ళ పేర్లే.