కారు మీద కప్పిన పరదా

దంతాలపల్లిలో జగన్మోహన్ ఇల్లెక్కడని అడిగితే, "గా నికిల్ బంపర్ కారాయనా?" అని దారి చూపిస్తారు. ఆ మాట చెవిన పడితే చాలు, అతని భార్య అహల్యకు ఒళ్లు మండుతుంది. నాట్లు, కోతలు, కూలీలు అన్నీ ఆమె చూసుకుంటే పేరు మాత్రం పాత అంబాసిడర్‌దా!

పొద్దున లేస్తే ఆయన తన ముఖం కడగడు, కారు ముఖం తుడుస్తాడు. నికిల్ పూత పూసిన బంపర్లు, లైట్ల చుట్టూ రింగులు, తలుపుల పిడులు, అన్నింటికీ మెత్తటి గుడ్డ, ఆపైన పల్చగా మైనం. గుడ్డ కావాలని ఆమె కొత్త నూలు చీరను కూడా చింపాడు మహానుభావుడు. దసరాకు ఆమె కారుకు బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టబోతే, "నిమ్మకాయ రసం తగిల్తె నికిల్ లేస్తది" అని పండుగ పూట కయ్యం. సంసారం తనతోనా, ఆ ఇనుప సవతితోనా అని ఆమెకు ఎన్నిసార్లు అనిపించిందో!

ఈ యాసంగి పంట వడ్లు వాకిట్లో కుప్పగా ఉన్నాయి. తేమ తగ్గింది, తెల్లారితే కొనుగోలు సెంటర్‌కు తోలాలి. తడిసి మొలకెత్తితే ఎవరూ కొనరు, పంటంతా మట్టిపాలే. సరిగ్గా అప్పుడే మబ్బు కమ్మింది. ఊళ్లో టార్పాలిన్ పరదాలన్నీ కుప్పల మీదికి పోయాయి. ఇంట్లో ఉన్నది ఒక్కటే.

"ఓ అయ్యా, మొగులైంది! పరద పట్టు, వడ్ల మీద కప్పుదాం."

"ఆఁ, ఆఁ" అన్నాడు బంపర్ తుడుస్తూ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చినుకులు టపటపా రాలగానే మాత్రం ఉరికాడు. పరదా తెచ్చి, తడుస్తున్న కారు మీదే కప్పి, తాళ్లు బిగించసాగాడు.

"గదేం పని? తడి మీద కప్పితె ఉక్కకు ముక్కి తుప్పు వడతది! గా పరద వడ్లకన్నా ఇయ్యరాదా!"

"వడ్లు రేపు ఎండుతయ్. నికిల్ పోతె మల్లొస్తదా?"

ఖాళీ సంచులు, పాత చీరలు, దొరికిందల్లా కప్పింది అహల్య. వాన ఆగితేనా! ఏడ్చింది, తిట్టింది, మళ్లీ కప్పింది.

మూడో రోజు ఎండ వచ్చాక చూస్తే కుప్ప అంచుల నిండా తెల్లటి మొలకలు. అటు జగన్మోహన్ పరదా విప్పాడు. లోపలి నుంచి ముక్కవాసన కొట్టింది. బంపర్ మీద ఆవగింజలంత తుప్పు చుక్కలు! కిరోసిన్ గుడ్డతో రుద్దాడు, మైనంతో రుద్దాడు. ఒక్కటీ పోలేదు.

"గిట్లయితదని ముందే చెప్పరాదె?" అన్నాడు.

అహల్య గుప్పెట్లో మొలకెత్తిన వడ్లు ఉన్నాయి. "చెప్పిన. గప్పుడు నువ్వు తాళ్లు గడుతున్నవ్."

పరదాను బరబరా లాక్కుపోయి పరిచింది. కుప్ప నడుమ మిగిలిన మంచి గింజలను దాని మీద ఎండబోసింది. కాసేపటికి జగన్మోహన్ గుడ్డ పక్కన పడేసి, చెప్పులు విడిచి, ఆ గింజల్లోకి దిగి కాళ్లతో చాళ్లు తీయడం మొదలుపెట్టాడు.

"గా మూలకు పో. గాడ ఇంక పచ్చిగున్నది" అంది ఆమె, కోపం తగ్గకుండానే.