బాలింత పథ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పురుడంటే సంతోషం కన్నా భయమే ఎక్కువ. నా తర్వాత ఇద్దరు తమ్ముళ్లు పుట్టారు. ఇద్దరూ బొద్దుగానే పుట్టి, మూడో నెల వచ్చేసరికి పాలు కక్కుకుని, ఆయాసపడి పోయారు. దిష్టి అన్నారు, పక్షిదోషం అన్నారు. మూడోవాడు పుట్టినప్పుడు మా నాయనమ్మ పరాయివాళ్లెవరినీ గడప దాటనివ్వలేదు.

మాది అద్దంకి దగ్గర మెట్ట ఊరు. చుట్టూ మిరప చేలు, పత్తి చేలు. మేమంతా జొన్న సంకటి తినేవాళ్లం. అమ్మ కోసం మాత్రం నాయన మిల్లులో ఆడించిన తెల్ల బియ్యం తెచ్చేవాడు. నాయనమ్మ వాటిని నీళ్లు తేటపడేదాకా కడిగి, వండి, గంజి వార్చి, నెయ్యీ వెల్లుల్లి కారం కలిపి పెట్టేది. పప్పు తింటే బిడ్డకు వాతమని, కూరలు తింటే జలుబని, వాటిని అమ్మ దగ్గరికే రానిచ్చేది కాదు. ఆ అన్నానికి నాకు నోరూరేది. ఒక్క ముద్ద అడిగితే, "అది మీ అమ్మకే. తమ్ముడు బతకాలా వద్దా?" అని కసిరేది.

ఒకరోజు పొద్దున్నే తమ్ముడు ఏడుస్తున్నాడు. నోరు తెరుచుకుంది, మొహం కందిపోయింది, ఆయాసపడుతున్నాడు, గొంతు మాత్రం రావడం లేదు. పోయిన ఇద్దరూ చివరికి అలాగే ఏడ్చారు. అప్పటికే అమ్మ కాళ్లు నీరుపట్టి, తిమ్మిరెక్కి, నడిస్తే తూలిపోయేది. వాణ్ణి చూసి గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది. "వీడు కూడా పోతే నన్నూ వీడితోనే పంపించెయ్యండత్తా" అంది.

నాయన మమ్మల్నందరినీ గుంటూరు బస్సెక్కించాడు. దారంతా నాయనమ్మ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డను చూసి, తర్వాత అమ్మ కాలు నొక్కి చూసింది. వేలు నొక్కినచోట గుంట పడింది. "ఏం తింటున్నావమ్మా?" అని అడిగింది. అమ్మ బదులు నాయనమ్మే, ఏ లోటూ చెయ్యలేదన్నట్టు, అంతా చెప్పింది. డాక్టరమ్మ ఇద్దరికీ సూదిమందు వేసింది. సాయంత్రానికి తమ్ముడి ఆయాసం తగ్గింది. పిల్లిపిల్లలా సన్నగా గొంతు వచ్చింది. అమ్మ ఆ ఏడుపు విని వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పుడు డాక్టరమ్మ నాయనమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "బియ్యంలో బలం మిల్లులోనే తవుడుతో పోయింది మామ్మా. మిగిలిన కాస్తా కడుగునీళ్లలో, గంజిలో పోయింది. తల్లికే లేనిది పాలలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? దంపుడు బియ్యం పెట్టండి. పప్పు పెట్టండి, ఆకుకూర పెట్టండి."

 నాయనమ్మ, "మరి ముందు పోయిన ఇద్దరూ?" అంది.

"వాళ్లను నేను చూడలేదు కదా మామ్మా. చూడకుండా ఎలా చెప్పను?" అంది డాక్టరమ్మ.

నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. నిలబడలేని అమ్మ, మంచం దిగి దేక్కుంటూ వెళ్లి ఆమెను ఆనుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక నాయనమ్మ తనే వడ్లు దంచింది. ఎవరు అడిగినా రోకలి ఇవ్వలేదు. అమ్మ ముందు మొదటిసారి పప్పన్నం పెట్టి, ఆఖరి ముద్ద తినేదాకా అక్కడే కూర్చుంది. తమ్ముడు బతికాడు. అమ్మ కాళ్లు తేరుకున్నాయి. నాయనమ్మ మాత్రం పోయేదాకా మా ఇంట తెల్లన్నం ముట్టలేదు.

ఇప్పటికీ ఎవరింట్లో బిడ్డ పుట్టినా అందరూ ఉయ్యాల దగ్గరికి వెళ్తారు. నేను ముందు వంటింట్లోకి వెళ్లి బాలింతకు ఏం పెడుతున్నారో చూస్తాను. ఏదైనా చెప్పాల్సి వస్తే ఆ డాక్టరమ్మలాగే పక్కన కూర్చుని, గొంతు తగ్గించి చెప్తాను. అక్కడ వడ్డించే చెయ్యి కూడా ప్రేమతోనే వడ్డిస్తూ ఉంటుంది.