వాత పడని చేతులు

జువైనా కుట్టిన టోపీ ఎవరి తల మీద కనబడినా నేను గుర్తుపడతాను. ఇక్కడి మగవాళ్ళు పెట్టుకునే కుమ్మా టోపీకి ఒళ్ళంతా సూదిమొనంత కన్నాలుంటాయి. ప్రతి కన్నం చుట్టూ దారంతో కుట్టాలి. మిగతా ఆడవాళ్ళు దారం బిగించి లాగుతారు. జువైనా కాస్త వదులుగా వదులుతుంది. "తలకి గాలి ఆడొద్దా ఏంటి" అంటుంది. ఒక్క టోపీకి నెల పైనే పడుతుంది. అందులో సగం ఆసుపత్రి బెంచీల మీద కుట్టిందే.

ఈ అరబ్బు దేశంలో, బహ్లా అనే ఊరి దగ్గర ఒక ఇంట్లో నేను వంటకి చేరిన ఏడాదే ఆమె కోడలిగా వచ్చింది. వచ్చిందంటే ఎక్కడి నుంచో కాదు, గోడ అవతలి ఇంట్లోంచి ఇవతలికి. మొగుడు ఖల్ఫాన్ ఆమెకి సొంత పెదనాన్న కొడుకు. మన వరసల్లో అన్న అవుతాడు. వీళ్ళకి మాత్రం దానికి మించిన సంబంధం లేదు. అందుకే అత్త షంసాని జువైనా ఇప్పటికీ పెద్దమ్మా అనే పిలుస్తుంది.

పెళ్ళికి ముందు ఇద్దరి రక్తం చూపించుకోమని ఆరోగ్యకేంద్రం వాళ్ళు చెబితే షంసా నవ్వేసింది. "ఒకే కుండలో నీళ్ళు. రెండు చెంబులతో ముంచి చూస్తే వేరే నీళ్ళు వస్తాయా?" అంది. నిజమే, రాలేదు. అదే వచ్చిన చిక్కు.

మొదటి కొడుకు అజ్జాన్‌కి ఎనిమిదో నెలలో చేతివేళ్ళు ముగ్గిన ఖర్జూరాల్లా ఉబ్బిపోయాయి. పాలు తాగడు, పడుకోడు, ఒకటే ఏడుపు. షంసా కొండ మీది ఊరి నుంచి ఒక ముసలాయన్ని పిలిపించి వాతలు పెట్టించింది. ఇనప చువ్వ నా పొయ్యిలోనే కాల్చారు. మా ఊళ్ళోనూ పసిపిల్లల పొట్ట మీద వాతలు పెట్టేవాళ్ళు కాబట్టి నాకు వింతేమీ అనిపించలేదు. రెండు మణికట్ల మీద, బొడ్డు పక్కన పెట్టారు. పిల్లాడు కదలకుండా పట్టుకున్నది జువైనా.

కొన్నాళ్ళకి వాపు దిగింది. "చూశారా" అంది షంసా. ఆ తర్వాత పాదాలు వాచాయి. మళ్ళీ వాతలు. ఇంకోసారి వాచినప్పుడు ఖల్ఫాన్ తల్లికి చెప్పకుండా బిడ్డని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. సికిల్ సెల్ అన్నారు అక్కడ. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయట. ఇరుక్కున్నచోటల్లా నొప్పే. తల్లిలో ఒక పాలు, తండ్రిలో ఒక పాలు ఏ బాధా పెట్టకుండా దాగి ఉంటుంది. రెండు పాళ్ళూ ఒక బిడ్డకే వస్తే జబ్బు. వాతకి పోయేది కాదు, మొత్తంగా పోయేదీ కాదు.

ఆ సాయంత్రం జువైనా పిల్లాడి మణికట్టు మీది మచ్చలకి వెన్న రాస్తూ కూర్చుంది. "వాడు తన్నుకుంటుంటే గట్టిగా పట్టుకున్నాను రతనా. ఇంకా గట్టిగా పట్టుకోమంటే ఇంకా గట్టిగా పట్టుకున్నాను" అంది. నేను వెన్న గిన్నె దగ్గరికి జరిపాను.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు పొట్టలోకి సూది దించి ఉమ్మనీరు తీసి చూశారు. వారం తిరక్కుండానే కడుపు పోయింది. సూది వల్లో కాదో చెప్పలేమన్నారు డాక్టర్లు. షంసాకి ఆ సందేహం లేదు. సూది, దానికన్నా ముందు దిష్టి. "ఊరంతటికీ తెలిసింది. ఊరంతా కళ్ళప్పగించి చూసింది. ఇంకేం నిలుస్తుంది?" అని ఏళ్ళ తరబడి అంటూనే ఉంది.

అజ్జాన్‌కి తొమ్మిదో ఏడు నడుస్తుండగా జువైనా మళ్ళీ నెల తప్పింది. అప్పటికే ఆసుపత్రిలో చెప్పి ఉంచారు. కొత్త పరీక్ష వచ్చింది, పొట్ట జోలికి పోనక్కర్లేదు, తల్లి చేతి నుంచి రక్తం తీస్తే చాలు, అందులో బిడ్డ తాలూకు పిసరంత కలిసి తిరుగుతుంటుంది అని. తండ్రి రక్తం కూడా తీసి, రెండూ వేరే దేశానికి పంపి చూస్తారు. నెల తప్పగానే రమ్మన్నారు.

వంటింట్లో రొట్టెలు చేస్తుంటే మొదట నా ముందే ఆ మాట వచ్చింది.

"ఎవరికీ చెప్పకు" అంది షంసా.

"డాక్టరుకి చెప్పొద్దా పెద్దమ్మా?"

"ఆరోగ్యకేంద్రంలో చీటీ రాసేదెవరు? ఆ సుఆద్. దాని నోట్లో నువ్వుగింజ నానుద్దా? నాలుగు నెలలు నిండనీ. అప్పుడు పొట్టే చెప్పుకుంటుంది."

"అప్పటికి ఆలస్యమైపోద్ది."

"దేనికి ఆలస్యం?"

జువైనా తల వంచుకుని పిండి ఉండలు చేసింది. దేనికో ఇద్దరికీ తెలుసు. నాలుగు నెలలకి దేవదూతలొచ్చి బిడ్డలో ప్రాణం ఊదుతారని ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. ఆలోపయితే కడుపు తీయించుకోవచ్చా అని మతపెద్దల్ని అడిగి చూడటానికైనా ఉంటుంది. దాటితే అడగడానికే లేదు.

అత్త మాటకి భయపడి ఆగిందనుకోకండి. జువైనాకి అత్త నోరంటే భయం లేదు. "ఈసారి సూది లేదు, సరే. కానీ కిందటిసారి పోయింది దిష్టి వల్లే అయితే?" అని నన్నే అడిగింది. చదువుకున్న డాక్టర్లే చెప్పలేమన్నారు, నేనేం చెబుతాను?

దాంతో దాపరికం మొదలైంది. ఎవరైనా కాఫీకి వస్తే జువైనా ఖర్జూరాల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు పక్కింటి జైనబ్ వచ్చింది.

"ఏంటే జువైనా, ముఖం అలా పీక్కుపోయింది?"

"ఎండుచేపల కూర పడలేదు. ఈ రతన చేపలు కడగదు, నీళ్ళకి చూపించి తీసేస్తది" అంది షంసా.

"అవునవును, వాసనొస్తోంది" అంది జైనబ్ ముక్కు మూసుకుని. ఆ రోజు ఇంట్లో చేపే లేదు. ఆ నెలల్లో నా వంటకి వచ్చినంత చెడ్డపేరు ఇంకెప్పుడూ రాలేదు.

జువైనా లెక్కలో మూడో నెల దాటుతుండగా అజ్జాన్‌కి వీపులో నొప్పి లేచింది. ఆసుపత్రిలో చేర్చారు. వాడి మంచం పక్కన జువైనా వాంతి చేసుకుంటుంటే డాక్టరమ్మ చూసింది.

"ఎన్నో నెల?"

"మూడు దాటింది."

స్కానింగు చేస్తే ఆమె లెక్క తప్పింది. ఇంకో రెండు వారాలు ఎక్కువే ఉంది. డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "ఇవాళే రక్తం తీసి పంపినా, కబురొచ్చేసరికి నాలుగు నెలలు దాటిపోతుంది. తర్వాత నువ్వు చెయ్యగలిగింది ఉండదమ్మా" అంది.

షంసా వెంటనే అందుకుంది. "మరింక తియ్యడం దేనికి? ఆ చుక్క రక్తం దాని ఒంట్లోనే ఉండనివ్వండి."

జువైనా చెయ్యి చాపింది. "తియ్యండి."

"ఏం చేసుకుంటావే ఆ కబురు? దాంతో పురుడు పోసుకుంటావా?"

"చువ్వ కాలకముందే తెలుసుకుంటాను పెద్దమ్మా."

షంసా తలకట్టు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. ఖల్ఫాన్ నీళ్ళ ట్యాంకరు తోలతాడు. తనూ వచ్చి చొక్కా చెయ్యి మడిచాడు. "రోజూ ఊరందరికీ నీళ్ళు పోస్తాను, ఒక సీసా రక్తానికి ఏమొచ్చింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మంచం మీద పడుకునే అజ్జాన్ అన్నీ విన్నాడు.

"అమ్మా, నన్ను కూడా ఇలాగే ముందు చూశారా?"

"అప్పుడు ఈ పరీక్ష లేదు నాన్నా."

"ఉండుంటే?"

జువైనా ఖర్జూరం చీల్చి, గింజ తీసి, పండు వాడి నోట్లో పెట్టింది. వాడు నమిలాడు. మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో గానీ, ఆ రోజు మొత్తం జువైనా ఒక్క కుట్టు కూడా వెయ్యలేదు.

కబురొచ్చేటప్పటికి పొట్ట అందరికీ కనబడుతూనే ఉంది. ఖల్ఫాన్ ఫోను పెట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె అతని ముఖం చూసింది. కుడుతున్న కన్నం పూర్తిచేసి, ముడి వేసి, దారం కొరికి, అప్పుడు లేచి లోపలికి పోయింది. బిడ్డకి రెండు పాళ్ళూ వచ్చాయి.

ఆడపిల్ల పుట్టింది. ముజ్నా అని పేరు పెట్టారు. పురిటిరోజు నుంచే డాక్టర్లకి తెలుసు కాబట్టి ఎప్పుడు ఏ మందు మొదలెట్టాలో ముందే చెప్పి పంపారు. పొద్దునా సాయంత్రం మందు వేసేది జువైనా. షంసా మాత్రం రోజూ నిద్ర లేవగానే పిల్లని ఒళ్ళో వేసుకుని, పండు ముగ్గిందో లేదో చూసినట్టు, ఒక్కొక్క వేలూ మెల్లగా నొక్కి చూసేది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే తిడుతుంది.

పిల్లకి ఏడో నెలలో ఒక పొద్దున షంసా వంటింట్లోకి వచ్చింది, చంకలో ముజ్నా. పిల్ల కుడిచెయ్యి ఉబ్బి ఉంది. ఏడవడం అప్పుడే మొదలెట్టింది. నా చూపు నా ప్రమేయం లేకుండానే గోడకి తగిలించి ఉంచిన వాతల చువ్వ మీదికి పోయింది. షంసా అది చూసింది.

"దాన్నేం చూస్తావే, గుడ్లప్పగించి. నీళ్ళు గోరువెచ్చగా చేసి మెత్తటి గుడ్డ తడిపి ఇవ్వు. చెయ్యి కాలకూడదు సుమా. ఖల్ఫాన్‌ని లేపి బండి తియ్యమను."

జువైనా లోపలి నుంచి పరుగున వచ్చేసరికి అత్త ఆ చేతికి గుడ్డ చుడుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "చెప్పులేసుకో" అంది షంసా. అంతే. జువైనా టోపీ సంచి భుజాన వేసుకుని బండెక్కింది.

వాపు తగ్గాక తీసుకొచ్చారు. మళ్ళీ వస్తుందని కూడా చెప్పి పంపారు. ఆ సాయంత్రం జువైనా వాకిట్లో కుడుతూ కూర్చుంది. పక్కన చాప మీద ముజ్నా దారపుండ పట్టుకుని లాగుతోంది. వేళ్ళు ఇంకా కాస్త ఎర్రగా ఉన్నాయి. మణికట్టు నున్నగా ఉంది.

నా నోరు ఊరుకోలేదు. "ఆ కబురు నాలుగు నెలల్లోపే వచ్చుంటే ఏం చేసేదానివే?" అని అడిగేశాను.

ఆమె సూది ఆపింది. ముజ్నా వంక చూసింది. తర్వాత అజ్జాన్ పడుకున్న గది తలుపు వంక చూసింది. అది సగం తెరిచి ఉంది.

"మెల్లగా మాట్లాడు రతనా" అంది. "వింటారు."