ముక్కు జంబన్న, టీచరమ్మ కారు

రాయచూరులో కారు చోకుకు ఏడాది మొత్తం మీద నెలన్నరే పని. మిగతా రోజులన్నీ ఎండే ఇంజన్‌ను కాచి ఉంచుతుంది. తాళం తిప్పితే చాలు, బండి లేస్తుంది. డిసెంబరు సగం దాటి, పాలు పోసేవాళ్లు మంకీ టోపీలు బయటికి తీశాకే పాత కార్ల వాళ్లకు స్టీరింగు పక్కనున్న ఆ నల్ల పిడి గుర్తొస్తుంది. పిడి లాగితే కార్బొరేటరు నోట్లో ఒక రేకు మూసుకుంటుంది. గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పోయి, చల్లబడ్డ ఇంజన్ అందుకుంటుంది. వేడెక్కాక పిడి లోపలికి తోసెయ్యాలి. చోకు సంగతంతా ఇంతే. ఇంత చిన్న సంగతిని పట్టుకుని నలభై నాలుగేళ్లు బతికాడు జంబన్న.

పద్నాలుగేళ్లప్పుడు స్టేషన్ రోడ్డులో ఖాదర్ ఉస్తాదు షెడ్డులో చేరాడు. ఆ ఉస్తాదు పని నేర్పిన తీరే వేరు. మొదటి ఏడాదంతా పానా ముట్టుకోనివ్వలేదు. కళ్లకు గుడ్డ కట్టి, తడిపిన పేలికలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టేవాడు. ఇది పెట్రోలు, ఇది కిరసనాయిలు కలిపిన పెట్రోలు, ఇది కాలిన ఆయిలు అని చెప్పాలి. తప్పు చెప్తే నెత్తిన మొట్టికాయ. కన్ను మోసం చేస్తుంది గాని ముక్కు చెయ్యదని ఆయన గట్టి నమ్మకం. జంబన్నకు కూడా అదే అంటుకుంది. ఎవరి కారు మొరాయించినా ప్లగ్గు విప్పి, కళ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో అక్కడికక్కడే తేల్చేసేవాడు. ఊరు అతనికి ముక్కు జంబన్న అని పేరు పెట్టింది. అతనికి ఆ పేరంటే ఎంత మురిపెమో! కూతురి పెళ్లి పత్రికలో కూడా అలాగే అచ్చు వేయిస్తానంటే భార్య నింగమ్మ అడ్డుపడింది.

కాలం ఎవరి మాటా వినదు కదా. కంప్యూటరు తగిలిస్తే రోగం తనే చెప్పుకునే కార్లు వచ్చాయి. వాటికి చోకు పిడే లేదు. జంబన్న షెడ్డుకు వచ్చే బండ్లు పదయ్యాయి, అయిదయ్యాయి, చివరికి ఒక్కటే మిగిలింది. అది మహాదేవమ్మ టీచరుది, ఇరవయ్యారేళ్ల తెల్లటి చిన్న కారు. ఆవిడ సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరై, ఇప్పుడు శక్తినగర్‌లో ఒక చిన్న బడిలో పూటపని చేస్తోంది. పొద్దున ఏడింటికి తనే కారు నడుపుకుంటూ పోతుంది. నలభయ్యో ఏట పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకున్న మనిషి. ఎవరి పక్కన కూర్చున్నా బ్రేకు కోసం కాలితో నేలను తొక్కుతుంది.

ఆ కారు నాలుగు రోజులుగా పొద్దున లేవడం లేదు. లేచినా నల్లటి పొగ కక్కి, రెండు దగ్గులు దగ్గి ఆగిపోతోంది. ఆవిడ మేనల్లుడు నిఖిలేశ్ ఈ అవకాశం కోసమే చూస్తున్నట్టున్నాడు. ఆదివారం లోపల బాగుపడకపోతే పాత ఇనుముకు ఇచ్చేసి, తనే ఆటో మాట్లాడి పెడతానని ఖరాఖండిగా చెప్పేశాడు. టీచరమ్మ ఆ మాట జంబన్నకు ఫోనులో చెప్పింది. జంబన్న ఫోను పెట్టేసి లెక్క వేసుకున్నాడు. ఆవిడ కారు పోతే ఆవిడ ఆటో ఎక్కుతుంది. మరి తను? చోకున్న చివరి బండీ పోయాక ముక్కు జంబన్నకు ఊళ్లో పనేముంటుంది?

బుధవారం పొద్దున్నే ఆవిడ ఇంటి పక్క రేకుల షెడ్డుకు వెళ్లాడు. బానెట్ ఎత్తి ప్లగ్గు విప్పాడు. తడిగా ఉంది. తడిగా ఉందంటే పెట్రోలు ఎక్కువైందని ఎవడైనా అంటాడు. జంబన్న అలా అనేవాడు కాదు. కళ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ రాలేదు. ఇంకోసారి పీల్చాడు. మంచినీళ్ల గ్లాసు వాసన చూసినట్టుంది, అంతే.

తడి ఉంది, వాసన లేదు. అంటే అది పెట్రోలు కాదు, నీళ్లు! బంకులో నీళ్లు కలిసిన పెట్రోలు పోశారని తేల్చేశాడు. పేరు తెలియని ఆ బంకువాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, వేరే బంకు నుంచి క్యానులో తెచ్చి పోశాడు. సెల్ఫ్ కొడితే అదే దగ్గు, అదే పొగ, మళ్లీ నిశ్శబ్దం. ప్లగ్గు విప్పితే మళ్లీ తడే. మళ్లీ వాసన లేదు.

గురువారం ఇంకో ఆలోచన వచ్చింది. పెట్రోలు చాలినంత అందడం లేదేమో, అందుకే వాసన ఆనడం లేదేమో. మరి ఆ తడి ఏమిటి? రాత్రి మంచుదై ఉంటుందని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. కార్బొరేటరు విప్పి కడిగాడు. దాని గిన్నెలో పెట్రోలు మట్టం పెంచాడు. చోకు తీగ బిగించి, ఆ రేకు సందు లేకుండా మూసుకునేలా చేశాడు. పెట్రోలు కావాలన్న బండికి పెట్రోలు పెట్టడమే కదా మేస్త్రి పని. బండి ఈసారి దగ్గనైనా దగ్గలేదు. జంబన్న స్టీరింగు ముందు కూర్చుని పిడిని లోపలికీ బయటికీ లాగుతూ ఉండిపోయాడు. పాలుపోలేదు. నలభై నాలుగేళ్లలో ఏ బండీ ఇలా ఒకేసారి రెండు మాటలు చెప్పలేదు.

ఇంట్లోనూ అంతా తికమకగానే ఉంది. దసరాకు వచ్చిన జ్వరమూ జలుబూ పది రోజులు ముక్కు మూసేశాయి. తర్వాత జలుబు పోయింది, ఊపిరి హాయిగానే ఆడుతోంది, ఇక అంతా సర్దుకుందనుకున్నాడు జంబన్న. నింగమ్మకు మాత్రం ఏదో తేడా కొడుతోంది. ముప్పై అయిదేళ్లు ఆవిడ వంటకు వంకలు పెట్టిన మనిషి అతను. పోపు మాడిందనీ, నూనె పాతదనీ, చింతపండు పోయినేడాదిదనీ, కంచం ముందు కూర్చోకుండానే గుమ్మంలోంచి చెప్పేసేవాడు. దసరా తర్వాత ఒక్క వంకా లేదు. ఏం పెట్టినా బాగుందనే అంటున్నాడు. ఆవిడ మొదట మురిసిపోయింది. ఎదురింటావిడతో కూడా చెప్పుకుంది, మా ఆయన ఇన్నాళ్లకు దారికొచ్చాడని. గురువారం మధ్యాహ్నం నిన్నటి పప్పు పాడైందని పారబొయ్యడానికి పక్కన పెడితే, అతను దాన్నే వడ్డించుకుని లొట్టలేస్తూ తినేశాడు. నింగమ్మ ముక్కున వేలేసుకుంది. అడిగితే, పప్పు బాగానే ఉంది, నీకే చాదస్తం పట్టుకుందని ఎదురు కసురుకున్నాడు. అతనికి మళ్లీ టీచరమ్మ కారు ధ్యాసే.

శుక్రవారం నిఖిలేశ్ వచ్చి టీచరమ్మ షెడ్డు ముందు నిలబడి, ఎల్లుండి పదింటికి ఇనుము బండి వస్తుందని చెప్పిపోయాడు. మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదే జంబన్నకు మంట పుట్టించింది. ఇంత అయోమయం అతని బతుకులో లేదు. ఉస్తాదు బతికుంటే పోయి అడిగేవాడు. ఇంకెవర్నైనా అడగడమా! కంప్యూటరు పెట్టె పట్టుకుని తిరిగే ఆ మెకానిక్కుల దగ్గరికి పోయి, నాకు ప్లగ్గు వాసన తెలియడం లేదని ఎలా అంటాడు? అసలు ఆ మాట అతని బుర్రకే తట్టలేదు. తప్పు బండిలో ఉండాలి, పెట్రోలులో ఉండాలి, చలిలో ఉండాలి. ముక్కులో ఉంటుందని ముక్కు జంబన్న ఎలా అనుకుంటాడు?

శనివారం పొద్దున ఆరున్నరకల్లా వచ్చాడు. ఈ తడి నీళ్లో పెట్రోలో నిప్పుతోనే తేల్చెయ్యాలని నిశ్చయించుకున్నాడు. ప్లగ్గులు మూడూ విప్పి, వాటి తడిని ఒక డబ్బా మూతలో దులిపాడు. మూతను షెడ్డు గచ్చు మీద పెట్టి గొంతుక్కూర్చున్నాడు. బీడీల జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. వెలిగితే పెట్రోలు, వెలగకపోతే నీళ్లు. ఇంతకన్నా సులువైన పరీక్ష ఏముంది? గురువారం తనే పెంచిన ఆ మట్టం వల్ల కార్బొరేటరు పొంగి, రాత్రంతా చుక్క చుక్కగా కారి కారు కింద మడుగు కట్టింది. ఏళ్ల తరబడి ఆయిలు మరకలతో నల్లబడ్డ గచ్చు మీద అది కంటికి ఆనలేదు.

పుల్ల గీయబోతుంటే వంటింటి వైపు తలుపులోంచి టీచరమ్మ చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగున వచ్చింది.

“జంబన్నా! ఆపు. అగ్గిపెట్టె కింద పెట్టు.”

లెక్కల టీచరు గొంతు అది. జంబన్న చెయ్యి దానంతటదే ఆగింది.

“ఏమైంది టీచరమ్మా? ఏం లేదు, జరా చూస్తున్న.”

“ఏం చూస్తవయ్యా? షెడ్డంత పెట్రోలు కంపు. పొయ్యి కాడ నిలబడితే నాకు కళ్లు మండుతున్నయి. నీకు వాసన వస్తలేదా?”

జంబన్న గాలి పీల్చాడు. ఊపిరితిత్తుల నిండా పీల్చాడు. చల్లటి గాలి లోపలికి పోయింది, బయటికి వచ్చింది. అందులో ఏమీ లేదు. ఒక పేలిక తీసి మూతలో ముంచి ముక్కుకు అద్దుకున్నాడు. చర్మం చల్లబడింది గాని వాసన లేదు. అప్పుడు కారు కిందికి వంగి చూశాడు. వేలు పెడితే వేలు తడిసింది. ఆ వేలిని చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు. పాడైన పప్పూ, నింగమ్మ మొహం, బుధవారం బంకువాడిని తిట్టిన తిట్లూ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆవిడ ఇంటికి నిప్పు పెట్టబోయాడు తను. అగ్గిపెట్టెను వీధిలోకి విసిరేశాడు.

టీచరమ్మ తిట్టలేదు. షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచి, బ్యాటరీ వైరు తియ్యమని, గచ్చు మీద ఇసుక చల్లమని చెప్పింది. ఇద్దరూ బయట అరుగు మీద కూర్చున్నారు. జంబన్నే ముందుగా చెప్పాడు.

“నాకు వాసన వస్తలేదు టీచరమ్మా. దసరా నుంచి. ఇప్పుడే తెలిసింది నాకు.”

ఆవిడ డాక్టరుకు చూపించమని చెప్పింది. చూపిస్తానన్నాడు. తర్వాత ఆవిడ లేచి చీర చెంగు బొడ్లో దోపుకుంది.

“ముక్కు నాది పెడత. పని నువ్వు చెయ్యి. రేపు పదింటికి ఇనుము బండి వస్తది, యాది ఉంచుకో.”

ఇసుక ఊడ్చి, గచ్చు ఆరి, ఆవిడ ఇక కంపు లేదన్నాకే షెడ్డులోకి వెళ్లారు. ఈసారి జంబన్న మొదట కళ్లతో చూశాడు. చూడగానే సిగ్గుతో చచ్చిపోయాడు. చోకు పిడి లోపలికి తోసే ఉంది, కాని కార్బొరేటరు నోట్లో రేకు మూసుకునే ఉంది. తీగ తుప్పు పట్టి గొట్టంలో ఇరుక్కుంది; పిడి తోస్తే వంగుతోందే గాని రేకును తెరవడం లేదు. మొదటి రోజునుంచీ రోగం ఇదొక్కటే. ఇంజన్‌కు గాలి అందక, పెట్రోలు తాగి తాగి ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంటే, తను నాలుగు రోజులుగా ఇంకా తాగమని పోస్తున్నాడు. మూడు నిమిషాల పని. కాలేజీ మానేసి షెడ్డులో చేరిన ఏ కుర్రాడైనా రేకు చూసి చెప్పేవాడు. జంబన్న ముక్కును నమ్మాడు గనుక రేకు మూసుకోవడమే చూశాడు, తెరుచుకుంటోందో లేదో చూడలేదు.

తీగ మార్చాడు. మట్టం దించాడు. ప్లగ్గులు ఆరబెట్టి ఒక్కొక్కటీ ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినంత శ్రద్ధగా చెప్పింది. మొదటిది తగ్గింది. రెండోది ఇంకా ఘాటుగా ఉంది. మూడోదానికి అసలు లేదు. రెండోదాన్ని మళ్లీ తుడిచి ఇచ్చాడు. ఇప్పుడు బాగుందంది.

బ్యాటరీ వైరు తగిలించాడు. టీచరమ్మను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, చోకు సగం లాగి, యాక్సిలేటరు మీద కాలు పెట్టకుండా సెల్ఫ్ కొట్టమన్నాడు. ఒకసారి గిరగిర తిరిగింది. రెండోసారి అందుకుంది. పిడిని మెల్లగా, వేలెడు వేలెడు చొప్పున లోపలికి తోయించాడు. పొగ నల్లగా వచ్చి, బూడిద రంగుకు తిరిగి, పోయింది. ఇంజన్ నిలకడగా నిలబడింది. అలవాటు చొప్పున జంబన్న వెనక్కి పోయి పొగ గొట్టం దగ్గర వంగాడు. వంగి, గుర్తొచ్చి, లేచాడు. టీచరమ్మ దిగి వచ్చి తనే వంగింది.

“పచ్చి పెట్రోలు వాసన లేదు. కాలినట్టు ఉన్నది.”

“ఘాటా? తీపా?”

“కొంచెం తీపి.”

జంబన్న ముందుకొచ్చి కార్బొరేటరు స్క్రూను పావు చుట్టు తిప్పాడు. ఆవిడ మళ్లీ వంగి, ఇప్పుడు ఏ వాసనా పెద్దగా లేదంది. అతను తలూపాడు. తర్వాత, ఎందుకో తనకే తెలియదు, ఇక్కడ ఇంకేం వాసనలు ఉన్నయని అడిగాడు. ఆవిడ ఒక్క క్షణం అతని మొహం చూసి, కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టింది. వంటింట్లో ఉప్మా పోపు వాసన, దేవుడి గూట్లో ఊదువత్తి, గోడ అవతల ఎవరో తడిపిన మట్టి, నీ చొక్కాకు గ్రీజు. జంబన్న అన్నీ విన్నాడు. ఒక్కటీ అందలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే మోచేత్తో తుడుచుకున్నాడు.

ఆదివారం ఇనుము బండి వచ్చేసరికి టీచరమ్మ కారు ఊళ్లో లేదు. ఆవిడ దాన్ని కృష్ణ వంతెన దాకా నడుపుకుంటూ పోయింది.

ఆ మధ్యాహ్నం నింగమ్మ కంచంలో పప్పు వడ్డించి, ఎదురుగా నిలబడి, ఎట్లున్నదని అడిగింది. మూడు నెలలుగా అలాగే అడుగుతోంది, మూడు నెలలుగా అతను బాగున్నదనే అంటున్నాడు. ఈసారి జంబన్న ముద్ద నోట్లో పెట్టుకోలేదు. కంచాన్ని రెండు చేతులతో ఎత్తి ఆవిడ ముక్కు దగ్గరికి తెచ్చాడు.

“నువ్వే చెప్పు నింగీ, ఎట్లున్నదో.”