మగ్గం గుంట మీద పెరిగిన పెయ్య

పొట్టి ఆవుల పిచ్చి ఈమధ్య ఫోన్లు చూసే వాళ్లందరికీ పట్టింది. పుంగనూరు ఆవును సోఫా పక్కన నిలబెట్టి ముద్దులు పెట్టుకునే వీడియోలు చూస్తారు, చూసి నాకు ఫోన్ చేస్తారు. మీ ఆవు ఎంత ఎత్తు ఉంటుందన్నది అందరి మొదటి ప్రశ్న. దానికి మాత్రం నేను జవాబు చెప్పను. ఏం తింటుందో అడగండి, గంటసేపైనా చెబుతాను అంటాను. పొగరని కొందరు అనుకుంటారు, అనుకోనీ.

మాది ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధి. మా ఆయన నలభై ఏళ్లు గుంట మగ్గం నేశాడు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేసే మగ్గం అది. మోకాళ్లు ఇక మా వల్ల కాదని మొరాయించాక మగ్గం విప్పి ఇచ్చేశాడు. గుంటను తనే మట్టి పోసి పూడ్చాడు. ఆ రోజు అన్నం తినలేదు. నేనూ బతిమాలలేదు, నాకూ ముద్ద దిగేట్టు లేదు.

మొన్నటిదాకా మా గుమ్మం చూపించి, మంచి చీరలు నేసే వాళ్ల ఇల్లు అనేవాళ్లు. మగ్గం పోయిన ఆర్నెల్లకే అది 'ఆ మూల ఇల్లు' అయింది. ఎట్లాగైనా మళ్లీ ఒక పేరు కావాలి. అందుకే మా తమ్ముడు చిత్తూరు వైపు నుంచి పుంగనూరు పెయ్యను తెచ్చిస్తానంటే ఎగిరి గంతేశాను. తెల్లటిది, ఏడాది వయసు, నా మోకాలికి కాస్త పైదాకా ఉండేది. ఇంట్లో ఇంకెక్కడా చోటు లేక మగ్గం గదిలోనే, ఆ పూడ్చిన గుంట మీదే పెయ్య నిలబడేట్టు, మేతకు గాడి కట్టించాను.

జనవరిలో మా ఊరి జాతరకు పశువుల పోటీలు పెడతారు. పొట్టి పెయ్యలకు వేరే వరుస. నిలువు కర్రకు ఒక అడ్డపట్టీ ఉంటుంది, దాన్ని మూపురం మీదికి దించుతారు. పట్టీ కర్ర మీది ఎర్ర గీతకు పైన ఆగిందా, ఆ పెయ్య వరుసలోంచి బయటికే. కింద ఆగిన వాటిలో అందం, నడక చూసి బహుమతి ఇస్తారు. అందంలో మా పెయ్యకు సాటి లేదని నాకు నమ్మకం. కాకి పిల్ల కాకికి ముద్దే, కాదనను. ఇక మిగిలింది ఎత్తొక్కటే.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి దగ్గర ఇట్లాంటి ఆవులు, పెయ్యలు కలిపి మూడు ఉండేవి. ముందటి ఏడు బహుమతి ఆయనదే. ఒకసారి పని మీద మా ఊరికి వచ్చి, పెయ్యను చూడాలని ఇంటికొచ్చాడు. దాని చుట్టూ తిరిగి, గాడిలోకి తొంగి చూశాడు. పెద్దకడుబూరు నుంచి తెప్పించిన జొన్న చొప్ప, పక్కన గంపలో నానబెట్టిన బుడ్డల చెక్క ఉన్నాయి. మా వైపు వేరుశనగను బుడ్డలంటాం.

"ఇంత మేత పెడతాండావేమమ్మా?" అన్నాడు. "సగం పెట్టు చాలు. కడుపు కాలితే పొడుగు రాదు. నా ఆవులన్నీ అట్ల పెరిగినవే."

నా నోరు ఊరుకుంటుందా. "ఆకలికి పొట్టిగయ్యేదైతే మా వీధిలో ఒక్కడూ మోకాలెత్తు దాటేటోడు కాదు లేన్నా," అన్నాను. ఆయన నవ్వి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఈ మాటను నేను వీధంతా చెప్పుకున్నాను. మా పెయ్య పుట్టుకతోనే పొట్టిది, దాన్ని మాడ్చే ఖర్మ నాకు పట్టలేదని గొప్పలు పోయాను.

అదే వారం అన్నాల దగ్గర మా ఆయనతో అన్న మాట మాత్రం వీధికి చెప్పలేదు. "ఎత్తు పెరిగేట్టుంటే ఆయన సెప్పినట్టే సేస్తా. జాతర దాంకా సగం మేతే," అన్నాను. మా ఆయన తలెత్తి చూసి, మజ్జిగ కలుపుకుని తినేసి లేచాడు.

అప్పటినుంచి ప్రతి అమావాస్యకూ కొలత పెట్టాను. పెయ్య గాడి దగ్గర తప్ప ఎక్కడా కుదురుగా నిలబడదు. మా ఆయన మెడ పలుపు పట్టుకుంటే, నేను పెయ్య మూపురం మీద, ఇంట్లో మిగిలిపోయిన మగ్గం బద్ద ఒకటి అడ్డంగా ఆనించి, అది తాకిన చోట గోడ మీద సుద్దముక్కతో గీత గీసేదాన్ని. మొదటి రెండు మూడు గీతలు కొంచెం కొంచెం పైకి పోయాయి. ఇంకొక్క నెల చూసి మేత తగ్గిద్దామనుకున్నాను. ఆ తర్వాత, సరిగ్గా జాతర కర్ర మీది ఎర్ర గీత ఎత్తు దగ్గర, గీత కదలడం ఆగిపోయింది. నెల వెంట నెల అక్కడే పడింది. చివరికి గీతలన్నీ కలిసి ఒకే లావు పట్టీ అయ్యాయి. నా సంతోషం చెప్పలేను. చెక్క ఒక పిడికెడు ఎక్కువే వేశాను. మా ఆయన కూడా, దాని కాళ్లకు మెత్తగా ఉంటుందని వారానికొక గంప బుడ్డల పొట్టు తెచ్చి కింద పరిచేవాడు. ఈయనకూ దాని మీద ప్రేమ పుట్టిందని మురిసిపోయాను.

ఎదురింటామె ఒకరోజు, "పెయ్య బాగా ఎదిగినాదక్కా," అంది. ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి గోడ చూపించాను. "నీ కండ్లు సూపించుకో. గీత అబద్ధమాడుతాదా?" అన్నాను. పాపం, గీత చూసి ఇంటికి పోయింది.

జాతర రోజు పొద్దున్నే కుంకుడుకాయ రసంతో పెయ్యను రుద్ది కడిగాను. కొమ్ములకు నూనె రాసి, మెడకు మా ఆయన నేసిన చివరి చీర అంచుముక్క కట్టాను. దారిపొడవునా జనం ఆగి చూశారు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు అది కూడా అరుచుకుంటూ నడిచింది. ఆ కాసేపు నన్ను పట్టేవాళ్లు లేరు.

చదునుగా పరిచిన బండల మీద పెయ్యను నిలబెట్టారు. పట్టీ దించారు. ఎర్ర గీతకు నాలుగు వేళ్లు పైన ఆగింది.

మళ్లీ కొలవమన్నాను. కొలిచారు. కర్ర వంకర ఉందన్నాను. పెయ్యను అటు తిప్పి కొలిచారు, ఇంకో కర్ర తెచ్చి కొలిచారు. అవే నాలుగు వేళ్లు. "మా ఇంటి గోడ మీద గీతలుండాయి, వచ్చి సూడండప్పా," అని అరిచాను. కొలిచే ఆయన మర్యాదగానే, "గోడలు మేం కొలవమమ్మా," అన్నాడు. చుట్టూ జనం నవ్వారు. ఆదోని పెద్దమనిషి పెయ్య ఎర్ర గీత కింద సుఖంగా నిలబడి ఉంది. దాని పక్కటెముకలు ఒక్కొక్కటి లెక్క పెట్టొచ్చు. అయినా చప్పట్లు దానికే. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే పెయ్యను గాడికి కట్టి మగ్గం బద్దతో గోడ దగ్గర మళ్లీ కొలిచాను. పాత సుద్ద గీతల పట్టీ మీదే ఆనింది. ఈ గదిలో ఒక ఎత్తు, జాతరలో ఒక ఎత్తు ఎట్లా అవుతుంది? అప్పుడు కిందికి చూశాను. దాని గిట్టలు కనబడటం లేదు, పొట్టులో కూరుకుని ఉన్నాయి. చేతులతో పొట్టంతా పక్కకు తోశాను. కింద మగ్గం గుంట మేర, నాలుగు మూలలూ తెలిసేట్టుగా, నేల దిగిపోయి ఉంది. నా వేళ్లు పెట్టి చూశాను. నాలుగు వేళ్లు లోతు. పెయ్య ఎంత పెరిగిందో నేల అంత దిగింది. పైన పొట్టు చదునుగా ఉండేసరికి నాకు తెలియలేదు.

మా ఆయన గడప మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్నాడు.

"గుంట దిగింది సూసినావా?" అన్నాను.

"పోయిన వానలకే సూసినా," అన్నాడు. "నలభై యేండ్లు కాళ్లు పెట్టినోన్ని, దాని సంగతి నాకు తెలీదా? పూడ్చిన మన్ను ఎప్పుడన్నా కూచుంటాది."

"అందుకేనా గంపలు గంపలు పొట్టు పోస్తాంటివి?"

ఆయన రెండో మోకాలు రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

జనం నవ్విన నవ్వంతా అప్పుడు నా చెవుల్లో ఉంది. "ఊరందరి ముందర నా పరువు పాయ. ఒక్క మాట సెప్పింటే నీ సొమ్మేం పోతాండె?"

ఆయన పెయ్య వైపు చూశాడు. "సెప్పింటే దాని నోటికాడి కూడు తీసేసిందువు," అన్నాడు. కోపంగా అనలేదు. రోజూ మాట్లాడే గొంతుతోనే అన్నాడు.

నేనట్లాంటిదాన్నా అని అడగబోయాను. నోటిదాకా వచ్చింది. కానీ మా ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అడగకుండానే లేచి, చెక్క గంప తెచ్చి గాడిలో పోశాను.